నడిచిందెంత? తిన్నదెంత?

హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేటలో కూరగాయల మార్కెట్టు వుంది. పొద్దున్నే అక్కడ నిలబడి చూస్తే మూడు రకాల మనుషులు కనిపిస్తారు. బస్తాలు వీపుమీద మోసే హమాలీలు ఒకరు. తక్కెడ ముందు గంటల తరబడి కూర్చుని అమ్మేవారు మరొకరు. సంచి పట్టుకుని వచ్చే గృహిణులు ఇంకొకరు. మధ్యాహ్నమయ్యేసరికి అందరి కంచాల్లోనూ అన్నమే వుంటుంది. కాని అందరికీ ఒకే కొలత సరిపోతుందా?

సరిపోదని మనకు తెలుసు. తెలిసినా ఇంట్లో వడ్డించేటప్పుడు ఆ సంగతి మరచిపోతాం. పైగా బరువు తగ్గాలని నడక మొదలుపెట్టినవారు మరొక పొరపాటు కూడా చేస్తుంటారు. "రోజూ అర గంట నడుస్తున్నానమ్మా, అయినా ఒక్క కిలో కూడా తగ్గలేదు" అనే మాట పల్లెలోనూ పట్నంలోనూ వింటూనే వున్నాం. ఇలా అనేవారిలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. నడుస్తున్న మాట నిజమే. తప్పు కాళ్ళలో లేదు, లెక్కలో వుంది.

ఆ లెక్క ఎలా వేసుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఐదో తరగతి కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

కేలరీ అంటే ఏమిటి?

పొయ్యికి కట్టెలు ఎలాగో శరీరానికి ఆహారం అలాగే. కట్టె ఎంత వేడినిచ్చిందో కొలిచినట్టే, ఆహారం ఎంత శక్తినిస్తుందో కేలరీలలో కొలుస్తారు. ఒక లీటరు నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన శక్తిని ఆహారం విషయంలో ఒక కేలరీ అంటున్నాం. శాస్త్రజ్ఞులు దానినే కిలోకేలరీ అంటారు.

అమెరికాలో విల్బర్ అట్వాటర్ అనే శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం చివరలో మనుషులను ఒక గదివంటి యంత్రంలో వుంచి, వారు తిన్నదానిని, వారి శరీరం ఖర్చు చేసినదానిని కొలిచాడు. ఆయన కృషి వల్ల వచ్చిన లెక్కనే నేటికీ వాడుతున్నాం. ఒక గ్రాము పిండిపదార్థం 4 కేలరీలు, ఒక గ్రాము మాంసకృత్తులు 4 కేలరీలు, ఒక గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తాయి. నూనె ఎందుకంత బరువైన ఖర్చో ఈ ఒక్క వాక్యంలోనే తెలిసిపోతుంది.

మన వూళ్ళోనే వున్న కొలబద్ద

ఈ విషయంలో మనం విదేశాల వైపు చూడనక్కరలేదు. భారతీయులకు ఎంత ఆహారం కావాలో నిర్ణయించే జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులోనే తార్నాక దగ్గర వుంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు చిన్న ప్రయోగశాలగా దీనిని ప్రారంభించాడు. అప్పటి సమస్య బెరిబెరి, అంటే విటమిను లోపం వల్ల వచ్చే జబ్బు. సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆకలిని, లోపాలను గురించి పరిశోధించడానికి పుట్టిన సంస్థ ఈనాడు అధిక బరువు గురించి కూడా హెచ్చరించవలసి వస్తోంది.

కారణం లేకపోలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 19 మంది వుండవలసిన దానికన్నా సన్నగా వున్నారు. నూటికి 24 మంది అధిక బరువుతో వున్నారు. తెలంగాణలో అధిక బరువు గల స్త్రీలు నూటికి 30 మంది. ఒకే వీధిలో ఒక ఇంట్లో తిండి చాలక, పక్క ఇంట్లో తిండి ఎక్కువై బాధపడుతున్నారన్నమాట. ఒక్కొక్కసారి ఆ రెండూ ఒకే ఇంట్లో వుంటాయి.

ఈ సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారం 65 కిలోల పురుషుడు కూర్చుని చేసే పనిలో వుంటే రోజుకు 2,110 కేలరీలు, మధ్యరకం శ్రమ చేస్తే 2,710, బరువైన శ్రమ చేస్తే 3,470 కావాలి. 55 కిలోల స్త్రీకి ఇవే వరుసగా 1,660, 2,130, 2,720. కూర్చునే మనిషికీ కష్టించే మనిషికీ మధ్య తేడా ఎంత పెద్దదో గమనించారా?

ఒక సహోదరి లెక్క

ఉదాహరణకు మాదన్నపేటలో నివసించే ఒక గృహిణిని అనుకుందాం. వయస్సు 42 ఏళ్ళు. ఎత్తు 152 సెంటీమీటర్లు, అంటే సుమారు ఐదడుగులు. బరువు 68 కిలోలు. ఇంట్లో వంటపని చూసుకుని మిగిలిన సమయం కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. ఈ మధ్య రక్తపరీక్షలో చక్కెర హద్దు దగ్గరకు వచ్చిందని డాక్టరుగారు హెచ్చరించి, బరువు తగ్గమన్నారు. ఆమె తల్లికి కూడా చక్కెర జబ్బు వుంది. కనుక ఇది అందం కోసం వేసే లెక్క కాదు.

మొదటి మెట్టు: ఏ పనీ చేయకుండా పడుకుని వున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరి తీయడానికి, శరీరం వెచ్చగా వుండడానికి కొంత శక్తి కావాలి. దీనిని విశ్రాంతి ఖర్చు అందాం. దీనికి 1990లో అమెరికాలో మిఫ్లిన్ బృందం ప్రకటించిన సూత్రం సులభమైనది. బరువును 10తో గుణించండి. ఎత్తును సెంటీమీటర్లలో 6.25తో గుణించి కలపండి. వయస్సును 5తో గుణించి తీసివేయండి. స్త్రీలైతే చివరకు 161 తీసివేయాలి, పురుషులైతే 5 కలపాలి.

మన సహోదరికి: 680 + 950 - 210 - 161 = 1,259 కేలరీలు.

రెండవ మెట్టు: రోజంతా చేసే పనిని బట్టి దీనిని పెంచాలి. జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో కూర్చునే పనికి 1.4 రెట్లు, మధ్యరకం శ్రమకు 1.8, బరువైన శ్రమకు 2.3 రెట్లు వుంటాయి. ఈమెది కూర్చునే పని. 1,259ని 1.4తో గుణిస్తే సుమారు 1,760.

మూడవ మెట్టు: ఇప్పుడు నడక కలపాలి. మామూలు చురుకైన నడకలో శరీరం విశ్రాంతిలో కంటే సుమారు మూడున్నర రెట్లు ఖర్చు చేస్తుంది. విశ్రాంతిలో ప్రతి కిలో బరువుకు గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 68 కిలోల మనిషి అర గంట నడిస్తే దాదాపు 120 కేలరీలు. కాని ఆ అర గంట ఆమె కుర్చీలో కూర్చున్నా 34 కేలరీలు ఎలాగూ ఖర్చయ్యేవి. వాటిని మొదటి మెట్టులోనే లెక్కించాం. కనుక నడక వల్ల అదనంగా ఖర్చయినవి సుమారు 85 మాత్రమే.

1,760 + 85 = 1,845. ఈమె బరువు పెరగకుండా, తగ్గకుండా వుండాలంటే రోజుకు ఇంత తినాలి.

నాల్గవ మెట్టు: తగ్గడం కోసం దీనిలోనుండి 400 తీసివేద్దాం. మిగిలినది సుమారు 1,450. ఇదీ ఆమె రోజు కొలత.

తప్పు ఎక్కడ జరుగుతోంది?

ఇప్పుడు ఇదే లెక్కను చాలామంది వేసుకునే పద్ధతిలో వేద్దాం. "నేను రోజూ నడుస్తున్నాను గదా, నాది మధ్యరకం శ్రమ" అని ఆమె 1.4కు బదులు 1.8 తీసుకుంది. 1,259ని 1.8తో గుణిస్తే సుమారు 2,265. "నడిచినందుకు 120 కలపాలి" అని మళ్ళీ కలిపింది. 2,385. దానిలో 400 తగ్గించింది. 1,985 వచ్చింది. తాను కడుపు కట్టుకుంటున్నానని ఆమె నమ్మకం. కాని ఆమె శరీరం ఖర్చు చేసేది 1,845. అంటే తగ్గించుకున్నానని అనుకుంటూనే రోజూ 140 కేలరీలు ఎక్కువ తింటోంది!

ఒకే నడకను రెండుసార్లు లెక్కపెట్టడమే ఇక్కడ జరిగిన పొరపాటు. అర గంట నడిచినంత మాత్రాన రోజంతా కూర్చునే మనిషి పొలంలో కూలి చేసే మనిషి కాలేదు. మధ్యరకం శ్రమ అంటే రోజులో ఎక్కువ గంటలు నిలబడి, నడిచి, ఎత్తి, దించి చేసే పని. నడకను ఒక్కసారే లెక్కించండి. అది కూడా అదనపు ఖర్చు మాత్రమే లెక్కించండి.

మూడవ పొరపాటు ఇంకొకటి వుంది. నడక ముగించి వచ్చి, "ఇంత నడిచాను గదా" అని టీలో రెండు చెంచాల చక్కెర, పక్కన నాలుగు బిస్కట్లు. 85 కేలరీలంటే ఎంతో తెలుసా? రెండు చిన్న చెంచాల నూనె 90 కేలరీలు. పాలు, చక్కెర బాగా వేసిన ఒక టీ ఇంచుమించు అంతే. అర గంట చెమటను రెండు నిమిషాల్లో తిరిగి నింపేస్తున్నాం.

అలాగైతే నడవడం ఎందుకు అని నిరుత్సాహపడకండి. నడక రక్తంలో చక్కెరను, రక్తపోటును అదుపులో వుంచుతుంది. కండను కాపాడుతుంది. తగ్గిన బరువు మళ్ళీ రాకుండా నిలుపుతుంది. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఇలాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడక ఆరోగ్యాన్నిస్తుంది, బరువును ముఖ్యంగా తగ్గించేది కంచం. పై లెక్కలో 400లో 85 కాళ్ళు చేసిన పని, మిగిలిన 315 కంచంలో చేయవలసిన పని.

1,450 కేలరీలు కంచంలో ఎలా వుంటాయి?

రోజుకు సరిపడే ఒక లెక్క ఇది. బియ్యం, జొన్నలు, గోధుమలు అన్నీ కలిపి వండకముందు తూకం 185 గ్రాములు: 650 కేలరీలు. పప్పు 60 గ్రాములు: 200. పాలు, పెరుగు కలిపి 200 మిల్లీలీటర్లు: 130. నూనె నాలుగు చిన్న చెంచాలు: 180. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు: సుమారు 120. ఒక జామకాయ వంటి పండు: 60. ఒక కోడిగుడ్డు: 70. చక్కెర రెండు చిన్న చెంచాలు: 40. అన్నీ కూడితే 1,450. దీనిలో మాంసకృత్తులు కూడా చాలినన్ని వస్తాయి. పప్పును, గుడ్డును తగ్గించి అన్నాన్ని అలాగే వుంచేవారు కొవ్వుతోపాటు కండను కూడా పోగొట్టుకుంటారు.

ధాన్యాల వల్ల వచ్చే శక్తి మొత్తంలో నూటికి 45 వంతులు మించకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో సూచించింది. పై 650 దాని ప్రకారం వేసినదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అన్నం మాని జొన్నరొట్టె తింటే బరువు తగ్గుతుందని చాలామంది నమ్మకం. 100 గ్రాముల బియ్యంలోనూ 100 గ్రాముల జొన్నలలోనూ కేలరీలు ఇంచుమించు సమానమే, 350కి అటూ ఇటూ. జొన్నలో పీచు ఎక్కువ, నమలడానికి సమయం పడుతుంది, కడుపు త్వరగా నిండినట్టుంటుంది. అది మంచిదే. కాని రొట్టెలు లెక్కపెట్టకుండా తింటే జొన్న కూడా ఆదుకోలేదు.

నూనెను కొలవడానికి సులభమైన ఉపాయం వుంది. నెల మొదట్లో ఇంటికి ఎన్ని లీటర్లు తెచ్చారో రాసుకోండి. ఒక లీటరులో దాదాపు 8,200 కేలరీలుంటాయి. మనిషికి నెలకు లీటరు ఖర్చయితే రోజుకు సుమారు 270 కేలరీలు నూనె నుండే వస్తున్నాయి. వంట చేసేటప్పుడు సీసా వంచకుండా చెంచాతో పోయడం అలవాటు చేసుకుంటే సగం పని అయినట్టే.

ఒకే వంట, వేరువేరు కొలతలు

మన సహోదరి ఇంట్లో భర్త మార్కెట్టులో బస్తాలు మోస్తాడనుకుందాం. వయస్సు 45, ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. అదే సూత్రంతో విశ్రాంతి ఖర్చు 1,391. బరువైన శ్రమ కనుక 2.3తో గుణిస్తే దాదాపు 3,200 కేలరీలు. కూతురికి 14 ఏళ్ళు. ఎదిగే వయస్సు. ఆ వయస్సు ఆడపిల్లకు 2,400 కేలరీలు కావాలని పోషకాహార సంస్థ లెక్క.

తల్లికి 1,450, కూతురికి 2,400, తండ్రికి 3,200. తల్లి బరువు తగ్గాలని ఇంటిల్లిపాదికీ అన్నం తగ్గిస్తే కష్టపడే మనిషి నీరసిస్తాడు, ఎదిగే పిల్ల కుంగిపోతుంది. తండ్రికి సరిపడే కొలతే అందరికీ వడ్డిస్తే తల్లి జబ్బు పాలవుతుంది. వేరువేరుగా వండనక్కరలేదు. ఒకే కుండ, ఒకే కూర. గరిటె మాత్రం మనిషిని చూసి కదలాలి. మన ఇళ్ళలో చాలామంది తల్లులు మిగిలిపోయిన అన్నం పారేయలేక రాత్రి తామే తింటారు. అది పొదుపు అనుకుంటారు. రేపటికి కొలిచి వండితే అంతకన్నా మంచి పొదుపు.

పల్లెలో వుండేవారు కాలాన్ని కూడా చూడాలి. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో 55 కిలోల స్త్రీకి 2,720 కేలరీలు అవసరమైతే, పనిలేని ఎండాకాలంలో ఆమెకే 1,660 చాలు. తేడా 1,060. అది సుమారు 300 గ్రాముల బియ్యంతో సమానం. ట్రాక్టరు, కోతమిషను వచ్చాక పొలంలో శ్రమ తగ్గింది, కంచంలో కొలత మాత్రం తాతల నాటిదే వుండిపోయింది. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య నడుము ఎందుకు పెరుగుతుందో దీనినిబట్టి తెలుసుకోవచ్చు.

చివరి మాట తూకానిదే

పై సూత్రం అమెరికాలో కొలిచిన మనుషులను బట్టి తయారైంది. భారతీయుల విశ్రాంతి ఖర్చు పాశ్చాత్య సూత్రాలు చెప్పేదానికంటే కొంత తక్కువగా వుంటుందని మన శాస్త్రజ్ఞులు గమనించారు. కనుక 1,450 అనేది శిలాశాసనం కాదు. అది మొదటి అడుగు. వారానికి ఒకసారి, అదే రోజున, ఉదయం ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. రోజూ చూస్తే ఉప్పు, నీరు వల్ల వచ్చే తేడాలకే కంగారుపడతారు. నడుము చుట్టుకొలత కూడా నెలకొకసారి టేపుతో చూడండి. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటితే జాగ్రత్త పడాలి.

ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిలువ వుంటాయి. రోజుకు 400 తగ్గిస్తే వారానికి 2,800. అంటే కిలోలో మూడవ వంతు కంటే కొంచెం ఎక్కువ. నెలకు కిలోన్నర తగ్గితే చక్కగా సాగుతున్నట్టే. నాలుగు వారాలైనా కదలకపోతే ముందు నూనె, టీ, మధ్యలో నోట్లో వేసుకునే పల్లీలు సరిగా లెక్కించారో లేదో చూడండి. గుప్పెడు పల్లీలు, అంటే 30 గ్రాములు, 160 కేలరీలు! అవన్నీ సరిగానే వుంటే మరో 100 తగ్గించండి, లేదా మరో అర గంట నడవండి.

కొన్ని నెలల తరువాత తగ్గడం నెమ్మదిస్తుంది. భయపడకండి. మన సహోదరి 60 కిలోలకు వచ్చేసరికి, నడకతో కలిపి ఆమె రోజు ఖర్చు 1,845 నుండి సుమారు 1,725కు దిగుతుంది. బండి చిన్నదైతే పెట్రోలు తక్కువ తాగుతుంది గదా. అప్పుడు లెక్క మళ్ళీ కొత్తగా వేసుకోవాలి.

డాక్టరు సలహా లేకుండా స్త్రీలు 1,200 కేలరీల కంటే దిగకూడదు. ఎదిగే పిల్లలు ఈ లెక్క జోలికి రాకూడదు. గర్భిణికి మామూలు కంటే రోజుకు 350 కేలరీలు ఎక్కువ కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 ఎక్కువ కావాలి. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారు తిండి తగ్గించి నడక పెంచితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. వారు ముందుగా డాక్టరుగారికి చెప్పి మందు కొలత సరిచేయించుకున్న తరువాతే మొదలుపెట్టాలి. శ్రమల దినాలలో పగలంతా ఉపవాసముండి రాత్రి రెండింతలు తినేవారు కూడా బరువు తగ్గుతామని అనుకోవద్దు. శరీరం పూటలను చూడదు, రోజు మొత్తాన్ని చూస్తుంది.

ప్రియ పాఠకులారా, ఈ పూటే ఒక పని చేయండి. ఇంట్లో వున్నవారి పేర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేరు పక్కన వయస్సు, ఎత్తు, బరువు, చేసే పని రాయండి. పైన చెప్పిన మెట్లు ఎక్కి ఎవరికి ఎంత కావాలో లెక్కకట్టండి. ఎదిగే పిల్లలకు మాత్రం సూత్రం వేయకండి, వారికి కడుపునిండా పెట్టాలి. ఆ కాగితాన్ని వంటింటి గోడకు అంటించండి. ఎవరికి తగ్గించాలో, ఎవరికి ఇంకొక గరిటె వేయాలో అది చూపిస్తుంది. ఇంకొక గరిటె కావలసినవారు మీ ఇంట్లోనే వుండవచ్చు సుమా!